పీటర్స్ గారి పెళ్ళికూతురు

2023 ఫిబ్రవరి 7, మంగళవారం

అడిగింది! మార్గరెట్ అడిగింది!

వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నాకే నమ్మకం కలగదు. పాత సినిమాలు దాచే ఈ ఆర్కైవ్‌లో నా చదువు తాలూకు ప్లేస్‌మెంట్ ఏప్రిల్‌తో అయిపోతుంది. ఆ తర్వాత ఏంటని క్రిస్మస్ నుంచి ఒకటే గుబులు. ఈవేళ మధ్యాహ్నం లైట్ టేబుల్ దగ్గర ఫిల్ము ముక్కలకి దుమ్ము తుడుస్తుంటే మా ఆఫీసరు మార్గరెట్ వచ్చి పక్కన నిలబడింది. "అబిగేల్, ఏప్రిల్ తర్వాత ఇక్కడ ఒక ఏడాది ఉద్యోగం ఉంటుంది. నిన్నే తీసుకోవాలని నా కోరిక. ఉండిపోతావా?"

నోట్లోంచి మాట వస్తే కదా! తల ఊపేశాను. ఊరికే ఊపడం కాదు, మెడ పట్టేసేలా ఊపాను. ఆవిడ "ఓ... సరేలే" అంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నీ ఆలోచనలు నీకుంటాయి. నేనేమీ అనుకోను" అని వెళ్ళిపోయింది. ఈ దేశం వాళ్ళకి సంతోషం ఎక్కువైతే కళ్ళజోడు తుడుచుకుంటారు కాబోలు.

బస్సులో స్కార్‌బరోలో మా ఇంటి దాకా నిలబడే వచ్చాను. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 8

నాన్నకి ఫోన్‌లో చెప్పాను. "సినిమా డబ్బాలు తుడవడానికి కెనడా దాకా వెళ్ళాలా? కాకినాడలో మూసేసిన హాళ్ళు లేవా?" అన్నారు. కానీ గొంతులో నవ్వుంది.

ఫిబ్రవరి 9, గురువారం

ఆఫర్ కాగితం ఇంకా రాలేదు. వస్తుంది. ఈ ఆఫీసులో పెన్సిల్ కావాలన్నా మూడు సంతకాలు కావాలి.

ఈవేళ అంతకంటే పెద్ద సంగతి. పీటర్స్ సినిమా నాకు అప్పగించారు! వందేళ్ళు దాటిన మూకీ. ఈ దేశంలో కథ చెప్పే సినిమాలు తీసిన మొదటివాళ్ళలో ఒకడట ఈ ఎస్. పీటర్స్. వలస వచ్చినవాడు. ఏ దేశం నుంచో ఎవరికీ తెలియదు. కథ తనే అల్లి, హీరో వేషం తనే వేసి, కొట్టు మీద అద్దె గదిలో తనే ఆడించేవాడట. ఎవరింటి అటక మీదో నాలుగు ముక్కలు దొరికాయి. మాటలు రాసిన కార్డులు ఒక్కటీ మిగల్లేదు. అందుకని వరస మనమే ఊహించుకోవాలి. ఆర్కైవ్ వాళ్ళు ఊహించిన వరస ఇది: ముందు ఒక ఇరుకు గదిలో విందు, గంతులు. తర్వాత భోజనాల బల్ల దగ్గర సూప్. తర్వాత అతను మెస్ నడిపే ఆవిడని పెళ్ళి చేసుకోమని అడుగుతాడు, ఆవిడ కాదంటుంది. చివర అతను పెట్టె పట్టుకుని రైల్వే స్టేషన్‌లో. ఆ విషాదానికి తగినట్టు "తిరస్కారం" అని పేరు కూడా వాళ్ళే పెట్టారు.

నేను కంప్యూటర్‌లో ఆ మూడో ముక్క పెట్టుకున్నాను. అతను టోపీ చేతిలో నలుపుతూ అడిగాడు. ఆవిడ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని తల ఊపింది. అటు, ఇటు. కుడి చెవి కుడి భుజానికి, ఎడమ చెవి ఎడమ భుజానికి చేరబోతున్నట్టు. మెల్లిగా, నవ్వు దాచుకుంటూ.

కుర్చీలోంచి లేచిపోయాను. ఇది కాదనడమా? ఇది సరే! పదహారణాల సరే! మా సామర్లకోటలో కూరగాయలావిడ బేరం ఒప్పుకుంటే ఇలాగే ఊపుతుంది. మా అమ్మ ఇలాగే ఊపుతుంది. నేనూ ఊపుతాను.

అంటే... ఎస్. పీటర్స్. పీటర్! మా పేటలో ఇంటికో పీటర్ ఉన్నాడు. మా చిన్న తాతయ్య పీటరే. మా జిల్లాలో బడులూ ఆసుపత్రులూ కట్టింది కెనడా మిషనరీలే. వాళ్ళతో పాటు ఓడెక్కి ఒకడు ఇక్కడికి వచ్చి ఉండకూడదా? ఎస్ అంటే శామ్యూల్. లేదా సత్యానందం!

తెలుగువాడు. కెనడాలో తొలినాళ్ళ మూకీలు తీసినవాడు తెలుగువాడు!

ఫిబ్రవరి 12, ఆదివారం

ఆధారాలు కుప్పలు పడుతున్నాయి. (ఒకటి) మీసం మన మీసమే. (రెండు) విందులో మగవాళ్ళు వలయంగా తిరుగుతూ ఆడుతున్నారు. కోలాటమే. కోలలు లేవు, నిజమే, గది ఇరుకు కదా, తలలకి తగులుతాయని మానేసి ఉంటారు. (మూడు) గోడ మీద దేవుడి పటం, ముందు దీపం. పటం ముందు దీపం మన బాప్టిస్టులు పెట్టరు. బహుశా లూథరన్ అయి ఉంటాడు, గుంటూరు వైపు నుంచి.

చర్చి అయ్యాక కృపాబాయి అత్తకి ఫోన్ చేసి అంతా చెప్పాను. అత్త లండన్‌లో నర్సు. ఆ లండన్ కాదు, ఒంటారియోలోది. అంతా విని, "ఆ పీటరు సంగతి సరే గానీ, అన్నం వండుకుంటున్నావా, లేపోతే ఆ కాఫీ కొట్లో మిగిలిన డోనట్లే తింటున్నావా?" అంది. సగం పూట ఉద్యోగం కాఫీ కొట్లో చేస్తే డోనట్లు తినకుండా ఎలా కుదురుతుంది?

ఫిబ్రవరి 17, శుక్రవారం

మార్గరెట్‌కి చూపించాను. "వరస తలకిందులుగా ఉంది. స్టేషన్ ముక్క చివరిది కాదు, మొదటిది. అతను వెళ్ళిపోవడం లేదు, వస్తున్నాడు. విందు మొదట్లో కాదు, చివర. అది పెళ్ళి విందు. ఇది విషాదం కానే కాదు" అని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. స్టేషన్‌లో అతని తల మీద బొచ్చు టోపీ ఉంది, మిగతా ముక్కల్లో పట్నం టోపీ ఉంది, అది కూడా చూపించాను.

ఆవిడ శ్రద్ధగానే విన్నది. ఈ మధ్య నాతో అతి మర్యాదగా ఉంటోంది ఎందుకో. "తిరిగి వెళ్ళేటప్పుడు సొంత ఊరి టోపీ పెట్టుకున్నాడేమో" అని, సూప్ ముక్క పెట్టింది. మెస్ ఆవిడ గిన్నె అందించబోతుంది. అతను గడ్డం పైకి ఎగరేస్తాడు. ఆవిడ గిన్నె వెనక్కి తీసుకుపోతుంది. "మేమిది అవుననడం అనుకున్నాం. మరి గిన్నె ఎందుకు తీసుకుపోయింది? మీ ఊళ్ళో ఈ సైగకి అర్థం ఏంటి?"

"ఏంటి అని," అన్నాను. "గడ్డం ఎగరేస్తే 'ఏంటి?' అని అడిగినట్టు. ఆవిడ మాట అతనికి వినపడలేదు."

"మూకీలో!" అని మార్గరెట్ నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ గిన్నె నా గొంతులో అడ్డం పడింది.

ఫిబ్రవరి 21, మంగళవారం

వెబ్‌సైట్‌లో ఉద్యోగ ప్రకటన వేశారు. ఆ ఉద్యోగమే. నా ఉద్యోగం. అర్హులైన వారు అప్లై చేయండి అని.

ఫిబ్రవరి 22

నాకేం బాధ లేదు.

ఫిబ్రవరి 24

మార్గరెట్ "గుడ్ మార్నింగ్" అంటే "గుడ్ మార్నింగ్" అన్నాను. అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆశ పెట్టడం ఎందుకు, ఊరందరికీ ప్రకటన వేయడం ఎందుకు? కోలాటమనీ లూథరన్ అనీ నేను వాగిన వాగుడికి మనసు మార్చుకుని ఉంటుంది. లేదు, లేదు, ఆ రోజే ఆవిడ మొహం అదోలా అయింది. నాకే కనపడలేదు. బాధ లేదంటే లేదు. పోటీలో నిలబడి అప్లై చేయడానికి మాత్రం మనసొప్పడం లేదు.

నిఖిల "పొయ్యి అడుగవే, నోరు లేదా?" అంది. నిఖిల నా రూమ్‌మేట్, వరంగల్ పిల్ల. అడిగి లేదనిపించుకోవడం కంటే అడక్కుండా ఏడవడం నయం అన్నాను. "గట్లయితే ఏడువు, గని నా దుప్పటి మీద గాదు" అంది.

ఫిబ్రవరి 26, ఆదివారం

అత్త ఫోన్. లండన్‌లో వాళ్ళ ఆసుపత్రిలో రికార్డుల విభాగంలో ఉద్యోగం ఉందట. మే నుంచి. అత్త అప్పుడే మాట కూడా వేసేసింది. "ప్రభువు తోవ చూపిత్తున్నాడే అబీ! నా ఇంట్లోనే ఉందువు గాని. నిఖార్సైన ఉద్యోగం. ఏవంటావు?" వారంలో చెప్పమంది.

పీటర్స్ సినిమా మళ్ళీ చూశాను. ఆవిడ తల ఊపుతూనే ఉంది.

మార్చి 1, బుధవారం

నిఖిలకి ల్యాప్‌టాప్‌లో చూపించాను. పెళ్ళి అడిగే ముక్క చూసి వెంటనే, "ఒప్పుకుంది పో! సిగ్గు జూడు" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. సూప్ ముక్క చూసి మాత్రం మొహం చిట్లించింది.

"ఈయన మనోడు గాదే."

"ఎందుకు కాదు?"

"మనోళ్ళు కూర వద్దంటే ఏం జేస్తరు? చెయ్యి అడ్డం పెడ్తరు. గిన్నె మీద పడి ఆపుతరు. మా మేనమామైతే పళ్ళెం ఎత్తుకోని ఉరుకుతడు. ఈయన చూడు, రెండు చేతులు ఒళ్ళె వెట్టుకోని గడ్డం ఎగరేసిండు. గంతే. ఆమెకు సమజైంది, తీస్కపోయింది."

కెనడా వచ్చాక చెయ్యి అడ్డం పెట్టడం మరిచిపోయి ఉంటాడు అన్నాను. "వందేండ్లయినా మరువరు" అంది. దానితో రెండు గంటలు మాట్లాడలేదు. తర్వాత అది పప్పు వడ్డిస్తుంటే చాలని చెయ్యి అడ్డం పెట్టాను. ఇద్దరం నా చేతిని చూశాం. అది పడీ పడీ నవ్వింది.

మార్చి 3, శుక్రవారం

ఆర్కైవ్‌కి ఫోన్ వచ్చింది! వయసు మళ్ళినవాళ్ళు చదివే పత్రికలో మార్గరెట్ ఆ పెళ్ళికూతురి ఫొటో వేయించింది. ఎవరో డోరా గారట, ఎనభై దాటినావిడ, "ఆ ఏప్రన్ మా నాన్నమ్మది" అన్నదట. స్కార్‌బరోలోనే టవర్‌లో ఉంటుంది, మాకు రెండు స్టాపుల అవతల! మంగళవారం క్యాబ్‌లో తీసుకురమ్మని నన్ను పంపుతున్నారు.

మనవరాలు! పీటర్స్ గారి మనవరాలు! సత్యానందం అని ఆవిడ నోటి వెంట వస్తే చాలు, ఉద్యోగం లేకపోయినా ఫర్వాలేదు.

మార్చి 5, ఆదివారం

ఫర్వా ఉంది. ఆర్కైవ్ ఉద్యోగానికి అప్లికేషన్ల గడువు నిన్నటితో అయిపోయింది. నేను చేయలేదు. అత్తకి సరే అని చెప్పాను. అత్త "స్తోత్రం!" అంది.

మార్చి 7, మంగళవారం

దీన్ని నిదానంగా రాయాలి. చేతికి ఆ నిదానం ఉంటే.

డోరా గారు లిఫ్టు దగ్గరే కోటు వేసుకుని సిద్ధంగా ఉంది. మనిషి పిట్టంత. క్యాబ్ ఎక్కగానే నేనే ఆగలేక అడిగేశాను, మీ తాతగారిది ఏ ఊరని. కాకినాడ అంటుందని ఎదురుచూస్తున్నాను. సామర్లకోట అన్నా చాలు.

"మాసిడోనియా," అంది. "కొండల మీద చిన్న పల్లె. స్తోయన్ పెత్రోఫ్ ఆయన పేరు. ఇక్కడ పొయ్యిలు పోతపోసే ఫ్యాక్టరీలో చేరితే మేస్త్రీకి నోరు తిరగక పీటర్స్ అన్నాడు."

మా సత్యానందం ఆ క్యాబ్‌లోనే పోయాడు. కిటికీలోంచి గట్టిపడిన మంచు కుప్పలు చూస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది, దాచుకోను. నా చిన్న తాతయ్యే పోయినట్టుంది. డోరా గారు నా చెయ్యి తట్టి, "క్యాబ్‌లో నీకు కడుపులో తిప్పుతుందా?" అంది.

ఆర్కైవ్‌లో చిన్న గదిలో తెర దగ్గర కూర్చోబెట్టాం. మార్గరెట్ టీ పాట్ తెచ్చి, "టీ తీసుకుంటారా?" అంది. డోరా గారు తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే తల ఊపింది. అటు, ఇటు. చెవి భుజానికి చేరబోతున్నట్టు.

"సరే, తర్వాత తీసుకుందురు గాని," అని మార్గరెట్ పాట్ పక్కన పెట్టేసింది.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. లేచి కప్పులో టీ పోసి ఆవిడ ముందు పెట్టాను. హాయిగా అందుకుంది. మార్గరెట్ నన్ను చూసింది, కప్పుని చూసింది. నేను విజయగర్వంతో "పాలు?" అన్నాను. డోరా గారు గడ్డం పైకి ఎగరేసి నాలుకతో చిన్న చప్పుడు చేసింది. వినపడలేదు కాబోలని "పాలు కావాలా?" అని గట్టిగా అంటూ పోసేశాను.

"వద్దన్నాను కదమ్మాయ్!" అంది డోరా గారు.

గడ్డం ఎగరేస్తే వద్దని. సూప్ వద్దన్నాడు, ఆవిడ గిన్నె తీసుకుపోయింది. అంతే సంగతి. ముందు మార్గరెట్ నవ్వింది, తర్వాత నేను, తర్వాత ఎందుకో తెలియకుండానే డోరా గారు.

"నేను పుట్టింది టొరంటోలోనే," అంది ఆవిడ. "కానీ పెంచింది నాన్నమ్మ. మెడ మాత్రం ఆవిడదే వచ్చింది. మా ఆయన ఇంగ్లీషువాడు. కాపురం చేసినన్నాళ్ళూ అయోమయంలోనే ఉన్నాడు పాపం."

పెళ్ళి ముక్క వేశాం. నాన్నమ్మ తల ఊపింది. డోరా గారి తల కూడా దానితోపాటే ఊగింది, తనకి తెలియకుండానే. "సరే అంటోంది కదా" అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. నిజంగా పెళ్ళి అడిగింది అప్పుడేనా అంటే, "అబ్బే, అప్పటికే ఇద్దరు పిల్లలు. మా నాన్న ఆ బల్ల కిందే ఎక్కడో ఉంటాడు. ఇది నాటకం" అంది. స్టేషన్ ముక్క చూసి, "ఇదే మొదలు. ఆ బొచ్చు టోపీ చూడండి. దాంతో వీధిలోకి వెళితే పిల్లలు మంచు ఉండలతో కొట్టేవాళ్ళట. వారంలో తీసేసేవాళ్ళు" అంది.

"మరి ఆవిడ సరే అన్నదని జనానికి ఎలా తెలుస్తుంది? కార్డు పెట్టాడంటారా?" అంది మార్గరెట్.

"కార్డెందుకు? ఆయన తీసింది మా వాళ్ళ కోసం. ఫ్యాక్టరీలో మనుషుల కోసం. వాళ్ళకి తెలియదూ?"

మార్గరెట్ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఎంతసేపు తుడిచిందో. తర్వాత నా వైపు తిరిగింది. మొహం పాలిపోయి ఉంది.

"అబిగేల్. ఫిబ్రవరిలో నిన్ను ఉండిపోతావా అని అడిగాను."

"అవును."

"నువ్వేం చేశావు?"

నేను చేసి చూపించాను. అటు, ఇటు.

"దేవుడా," అంది మార్గరెట్. "నువ్వు వద్దంటున్నావనుకున్నాను. నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు. రెండు వారాలు చూసి ప్రకటన వేశాను."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ముక్కు చీదుకున్నాను. ఏడాదిన్నరగా ఈ దేశంలో ఉన్నాను. ఎన్నిసార్లు ఎంతమందికి ఇలా ఊపానో! కాఫీ కొట్లో మేనేజర్ ఎక్కువ షిఫ్టులు కావాలా అని అడిగి ఎందుకు ఇవ్వలేదో ఇప్పుడు అర్థమైంది. వందేళ్ళ కిందటి ఆవిడ సరేని నేను పట్టుకున్నాను, నా సరే ఎక్కడ పోయిందో నాకే తెలియలేదు.

మార్గరెట్ ఉన్నదున్నట్టు చెప్పింది. ఉద్యోగం ఇప్పుడు తన ఒక్కదాని చేతిలో లేదు. ప్రకటన వేసింది, ముగ్గురు కూర్చుని ఎంపిక చేస్తారు. జరిగింది వాళ్ళకి చెప్పి గడువు మరో వారం పొడిగించమంటుంది. "ఒప్పుకుంటే నువ్వూ అందరితో పాటు రావాలి. గెలుస్తావని మాట ఇవ్వలేను. వస్తావా?"

తల కదలబోయింది. రెండు చేతులతో చెంపలు పట్టుకుని ఆపాను.

"వస్తాను," అన్నాను. "వస్తాను, వస్తాను, వస్తాను!"

డోరా గారు పాలు పోసిన టీ మొత్తం తాగేసింది.

మార్చి 8

గడువు పొడిగించారు. అప్లై చేశాను. అత్తకి చెప్పలేదు. చెప్పాలి.

మార్చి 12, ఆదివారం

అత్తకి చెప్పాను. "వత్తావని పైగది సర్దేశానే," అంది. అత్త ఒక్కతే ఉంటుంది అంత ఇంట్లో. నేను ఆ ఉద్యోగం సంగతే ఆలోచించాను గానీ ఆ గది సంగతి ఆలోచించలేదు. ఈ ఉద్యోగం రాకపోతే వస్తాను అత్తా అన్నాను. "రాకపోతే వత్తానంటావా, సిగ్గులేనిదానా!" అని తిట్టి, "వచ్చేలాగ ప్రార్థన చేత్తాలే" అంది.

మార్చి 16, గురువారం

ఇంటర్వ్యూ. నిఖిల పొద్దున్నే నా మెడకి స్కార్ఫ్ బిగించి కట్టింది, తల కదలకుండా. "ఊపినవో, ఊపిరి ఆడదు" అంది. ముగ్గురు అడిగిన ప్రతిదానికీ కొయ్యబొమ్మలా కూర్చుని నోటితోనే చెప్పాను. పీటర్స్ సినిమా వరస గురించి అడిగారు. ఆయన తెలుగువాడని నమ్మిన సంగతి కూడా దాచలేదు. కోలాటం దగ్గర ఒకాయన నీళ్ళు తాగుతూ పొలమారాడు.

మార్చి 20, సోమవారం

వచ్చింది!!!

వచ్చింది వచ్చింది వచ్చింది.

మార్చి 25, శనివారం

లైబ్రరీ హాల్లో సినిమా వేశాం, పియానోతో. స్టేషన్, సూప్, పెళ్ళి, విందు. "తిరస్కారం" తీసేశాం. అసలు పేరు తెలియదు కనుక "స్తోయన్ పెత్రోఫ్ తీసిన సినిమా" అని మాత్రం వేశాం. ఆ సైగకి అర్థం చెబుతూ ఒక కార్డు పెడదామా అని మార్గరెట్ అడిగితే, విందు దాకా ఆగనివ్వండి జనాన్ని అన్నాను.

హాలు నిండింది. అత్త లండన్ నుంచి బస్సులో వచ్చింది, ఒడిలో పెద్ద టిఫిన్ డబ్బా. పెళ్ళికూతురు తల ఊపగానే హాలంతా "అయ్యో" అని నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుల మధ్య నిఖిల ఈల వేసింది. అత్త "ఒప్పుకుందే పిల్ల!" అని పైకే అంది. డోరా గారు చప్పట్లు కొట్టింది. జనం మా వరస వైపు తిరిగి చూశారు, పిచ్చివాళ్ళని చూసినట్టు. ఇంతలో తెర మీద విందు మొదలైంది, వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, మగవాళ్ళు లేచి ఆట అందుకున్నారు. అప్పుడు వచ్చింది నవ్వు, వెనక వరసల దాకా. అప్పుడు వాళ్ళూ చప్పట్లు కొట్టారు.

ఆయన మా పీటర్ కాడు. అయినా నేను ఆయన్ని వదిలిపెట్టేలా లేను.

ఒక్కటి రాయడం మరిచిపోయాను. సినిమా మొదలు కాకముందు సంగతి. నేను ముందు వరసలో డోరా గారికి శాలువా సర్దుతున్నాను. మార్గరెట్ హాలు వెనక స్విచ్చుల దగ్గర ఉంది. మధ్యలో అంత జనం, అంత గోల. మొదలుపెట్టమంటావా అని అక్కడి నుంచే చెయ్యెత్తి అడిగింది. నా చేతులు రెండూ శాలువాలో ఉన్నాయి, అరిచినా వినపడదు. అలవాటు కొద్దీ తల ఊపేశాను. అటు, ఇటు. ఊపాక నాలుక కరుచుకున్నాను.

మార్గరెట్ లైట్లు ఆర్పేసింది.